1,000 అవర్స్

‘1,000 అవర్స్’ అమెరికా పాప్-పంక్ బ్యాండు గ్రీన్ డే మొట్టమొదటి రికార్డు. 1989 ఏప్రిల్‌లో లుకౌట్ రికార్డ్స్ అనే చిన్న సంస్థ 17వ నంబరుతో దీన్ని విడుదల చేసింది. ఇది ఏడంగుళాల ఈపీ. హెచ్‌ఎంవీ ఒకప్పుడు తెలుగు సినిమా పాటలను నాలుగేసి చొప్పున వేసి అమ్మింది ఈ సైజు ప్లేట్ల మీదే. ఇందులోనూ పాటలు నాలుగే: ‘1,000 అవర్స్’, ‘డ్రై ఐస్’, ‘ఓన్లీ ఆఫ్ యూ’, ‘ద వన్ ఐ వాంట్’. అన్నీ కలిపి పన్నెండు నిమిషాలకు అటూ ఇటూ. రికార్డింగు నాటికి గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్‌కీ, బాస్ గిటారు వాయించిన మైక్ డర్న్ట్‌కీ పదహారేళ్లు.

వాళ్లది శాన్‌ఫ్రాన్సిస్కో కాదు, దానికి ఈశాన్యంగా అఖాతం ఒడ్డునున్న చిన్న ఊళ్లు. రోడియోలో చమురు శుద్ధి కర్మాగారం, పక్కనే క్రోకెట్‌లో పంచదార ఫ్యాక్టరీ. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం కుర్రాళ్లకు బెంగళూరు ఎలాగో వీళ్లకు బర్క్‌లీ, శాన్‌ఫ్రాన్సిస్కో అలాగ: పాట వినాలన్నా, తమ పాట వినిపించాలన్నా అటే పోవాలి. బిల్లీ తండ్రి లారీ డ్రైవరు, జాజ్ సంగీతం తెలిసినవాడు. 1982లో క్యాన్సర్‌తో పోయాడు. తల్లి హోటల్లో వడ్డన పని చేసేది. బిల్లీ చిన్నప్పుడు తల్లి కొనిపెట్టిన నీలం రంగు ఫెర్నాండెస్ గిటారునే పెద్దయ్యాకా వాయిస్తూ వచ్చాడు. స్వీట్ చిల్డ్రన్ పేరుతో బ్యాండు తొలి కచేరీ జరిగింది 1987 అక్టోబరులో, వలేహోలో ఆమె పనిచేసే ఆ హోటల్లోనే.

వీళ్లకు అసలు బడి బర్క్‌లీలోని 924 గిల్మన్ స్ట్రీట్. 1986 డిసెంబరు 31న మొదలైన ఈ వేదికను వలంటీర్లే నడిపేవారు. మద్యం, మత్తుమందులు, కొట్లాటలు, జాతి వివక్ష, స్త్రీలను కించపరచడం నిషిద్ధం. మద్యం లేదు కాబట్టి ఏ వయసు వాళ్లయినా రావచ్చు. పదహారేళ్ల వాళ్లకు స్టేజీ దొరకడానికి అదే కారణం. అయితే వీళ్ల పాటలు పంక్‌కు మరీ తియ్యగా ఉన్నాయని మొదట్లో అక్కడా పెదవి విరిచారంటారు.

డ్రమ్స్ వాయించిన జాన్ కిఫ్‌మేయర్ మిగతా ఇద్దరి కన్నా పెద్దవాడు. ఐసోక్రసీ అనే బ్యాండులో పనిచేసి ఆ లోకం తీరుతెన్నులు ఎరిగినవాడు. లుకౌట్ సంస్థను డేవిడ్ హేయిస్‌తో కలిసి స్థాపించిన లారీ లివర్‌మోర్ చెవిన ఈ పాటలు పడింది అతని చలవతోనే. ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఓ ఇంట్లో పార్టీ. కరెంటు లేదు, జనరేటరూ కొవ్వొత్తులూ ఉన్నాయి, విన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది. వేలమంది ముందు పాడుతున్నట్టే పాడారట. రికార్డు వెయ్యాలని లివర్‌మోర్ అక్కడే నిర్ణయించుకున్నానని తర్వాత చెప్పుకొచ్చాడు.

1988-89 శీతాకాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆర్ట్ ఆఫ్ ఇయర్స్ స్టూడియోలో, ఆండీ ఎర్న్స్ట్ పర్యవేక్షణలో రికార్డింగు జరిగింది. తీరా విడుదలయ్యే సమయానికి కుర్రాళ్లు బ్యాండు పేరు మార్చేశారు. స్వీట్ బేబీ అనే మరో స్థానిక బ్యాండుతో పేరు కలగాపులగం అవుతోందన్నది వాళ్ల బాధ. అప్పటికే స్వీట్ చిల్డ్రన్‌గా నలుగురికీ తెలిసిన బ్యాండు, కొత్త పేరుతో ఎవరు కొంటారని లివర్‌మోర్ మండిపడ్డాడు. గంజాయి మత్తు మీద రాసుకున్న సొంత పాట నుంచి తీసిన గ్రీన్ డే పేరే నిలిచింది.

నిజం చెప్పాలంటే ఈ నాలుగు పాటల్లో కళాఖండమేదీ లేదు. శబ్దం పలచన, మాటలు కుర్రతనపు ప్రేమ మాటలు. 1977లో మాంచెస్టర్ బ్యాండు బజ్‌కాక్స్ కూడా నాలుగు పాటల ఏడంగుళాల ప్లేటుతోనే, అదీ సొంత ఖర్చుతో, మొదలైంది. దానిలోని కొంటెతనం, పదును ఇందులో లేవు. మరి ఏముంది? వరస. గిటారు ఎంత రొద పెట్టినా పల్లవి ఒక్కసారికే పట్టుబడుతుంది. రెండో గొంతు కలిసేచోట అది ఇంకా తేటపడుతుంది. రాజకీయాల మీద మండిపడే పాటలకు అలవాటు పడిన గిల్మన్ శ్రోతలకు ఇది ఎబ్బెట్టుగా తోచి ఉండొచ్చు. తర్వాతి రోజుల్లో కోట్ల ప్లేట్లు అమ్మిపెట్టినది మాత్రం ఆ గుణమే.

1990లో తొలి ఆల్బం ‘39/స్మూత్’ వచ్చింది. దాన్ని, ఈ ఈపీని, ‘స్లాపీ’ అనే మరో ఈపీని కలిపి 1991లో ‘1,039/స్మూత్డ్ అవుట్ స్లాపీ అవర్స్’గా వేశారు, వెయ్యికి ముప్ఫైతొమ్మిది కలిపితే వచ్చిన పేరది. నేటి శ్రోతల్లో చాలామంది ఈ నాలుగు పాటల్నీ వినేది ఆ సంకలనంలోనే. కిఫ్‌మేయర్ చదువు కోసం వెళ్లిపోగా, లివర్‌మోర్ సొంత బ్యాండులో చిన్నప్పటి నుంచీ డ్రమ్స్ వాయించిన ట్రే కూల్ వచ్చి చేరాడు. 1994లో పెద్ద కంపెనీ రిప్రైజ్ ద్వారా వచ్చిన ‘డూకీ’ అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. పెద్ద కంపెనీల బ్యాండ్లకు చోటులేదన్న నియమం ప్రకారం గిల్మన్ వీళ్లకు తలుపులు మూసింది. మళ్లీ అక్కడ వాయించింది 2015లో, ఒక సహాయార్థ కచేరీకి.

రాయల్టీ బకాయిల వివాదంతో 2005లో గ్రీన్ డే తన పాత రికార్డులను లుకౌట్ నుంచి వెనక్కి తీసుకుంది. లుకౌట్ 2012లో మూతబడింది. బ్యాండు మాత్రం సాగుతూనే ఉంది; 2025 మార్చిలో ముంబయిలో లొల్లాపలూజా సంగీతోత్సవంలో పాడింది.