హాడ్లీ కోటయు స్టూవర్టుపురమును

ముప్పదియైదేండ్లు బాపట్ల ప్రాంతపు పాఠశాలలలో తెలుగు చెప్పి విరమించిన నావంటివాడు ఇంగ్లండు దేశపు పల్లెపట్టుల చరిత్రనుగూర్చి ప్రసంగించుట కొంత సాహసమే. శబ్దమంజరితో మొదలై లఘుకౌముదితో ముగిసిన నా చదువునకును ఆ దేశమునకును చుట్టఱికము లేదు. అయినను నిరుటి వేసవిలో లండనులో కాపురమున్న మా అమ్మాయి యింటికి పోయియుండగా, నాకు ప్రొద్దుపోవుట లేదని కనిపెట్టి మా అల్లుడు ఒక యాత్రాబస్సునకు టిక్కెట్టు కొనియిచ్చెను. ఉదయము బయలుదేరి ఎసెక్సు మండలములోని పాతకోటలను, పల్లెలను చూపి సాయంకాలమునకు మరల లండను చేర్చెడి బస్సు అది. ఆ బస్సు నన్ను దింపినది మా స్టూవర్టుపురములోనే యని చెప్పినచో శ్రోతలు నవ్వుదురు. కొంచెము ఓపికతో వినవలెనని నా మనవి.

బస్సులో ముప్పదిమందికి పైగా ఉంటిమి. అందఱును ఇంచుమించు నా యీడువారే. ముందుసీటులో నిలిచి మైకు పట్టుకొని ఒక నడివయసు స్త్రీ మాకు దారిపొడుగునను కథలు చెప్పుచుండెను. కాశీలో పండా వెంట నడచిన వారికి ఆ ధోరణి కొత్త కాదు. ఆమె ఎడమవైపు చూడుడనగానే ముప్పది మెడలు ఎడమకు తిరుగును. కుడివైపనగానే కుడికి తిరుగును. నావి ఎప్పుడును ఒక క్షణము వెనుక. ఇంగ్లీషును మనసులో తెలుగు చేసికొని గాని నా మెడ కదలదు. ఒడిలో మా అమ్మాయి కట్టియిచ్చిన పులిహోర పొట్లము. కిటికీలో పొలములు. ఆ దేశమున చేలకు గట్లు లేవు. ముండ్లపొదలను వరుసగా పెంచి కత్తిరించిన పచ్చని కంచెలు.

మొదట కాల్చెస్టరు కోట చూచితిమి. రోమను చక్రవర్తి క్లాడియసు పేర వెలసిన గుడి పునాదులమీద, రోమనుల కాలపు ఇటుకలనే తీసి వాడుకొని, నార్మనులు పదునొకండవ శతాబ్దిలో ఆ కోటను కట్టిరట. తోడివారు ఔరా యనిరి. నాకు వింత తోచలేదు. మా భట్టిప్రోలు స్తూపపు ఇటుకలును పాలరాళ్లును పందొమ్మిదవ శతాబ్దిలో రోడ్లకును కాలువపనులకును పోయినవి కావా? వీరు కోటయైన కట్టుకొనిరి.

మధ్యాహ్నమునకు హాడ్లీ చేరితిమి. లండనునకు తూర్పుగా దాదాపు నలువది మైళ్ల దూరమున, థేమ్సునది సముద్రముగా విప్పారుచోట, ఒక గుట్టమీద రెండు విఱిగిన బురుజులు నిలిచియున్నవి. మూడవ హెన్రీకి మంత్రియైన హ్యూబర్టు డి బర్గు 1215 తరువాత ఈ కోటను కట్టించెను. మూడవ ఎడ్వర్డు 1360 ప్రాంతమున దానిని పెంచెను. గుట్ట బంకమట్టిదగుటచే నేల జాఱి గోడలు కూలినవి. కాన్‌స్టబులను చిత్రకారుడు భార్య గతించిన మఱుసటి యేడు, 1829లో, ఈ శిథిలమును చిత్రించెను. 2012 ఒలింపిక్సులో కొండసైకిళ్ల పందెములు ఇచ్చటనే జరిగినవి. ఇవన్నియు చెప్పి ఆ మార్గదర్శిని చేయి చాపి, ఆ దిగువ పొలమంతయు రక్షణసైన్యమువారిదనియు, 1891లో జనరలు బూతు లండను నిరుపేదలకై అచ్చట వ్యవసాయవసతి స్థాపించెననియు రెండే వాక్యములలో చెప్పి, ఇక టీ త్రాగుటకు అరగంట వ్యవధి యనెను. అందఱును టీకి పోయిరి. నేను పోలేదు.

పోలేకపోయితిని. ఏలనన, రక్షణసైన్యమను ఆ మాట మా ఊళ్లలో చరిత్రపుస్తకపు మాట కాదు. చీరాలకును బాపట్లకును నడుమ రైలు ఆగెడి స్టూవర్టుపురమును 1913–14 ప్రాంతమున స్థాపించినవారు వారే. అప్పటి మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడైన సర్ హెరాల్డు స్టూవర్టు పేరు దానికి పెట్టబడినది. పెద్దలు నేటికిని దానిని ‘సెటిల్మెంటు’ అనియే పిలుతురు.

విలియం బూతు 1890లో ‘అంధకారమయ ఇంగ్లండు’నుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆ యేడే స్టాన్లీ అంధకారమయ ఆఫ్రికానుగూర్చి వ్రాసియుండగా, అంధకారమునకై అంతదూరము పోనేల, మన లండను వీథులు చాలవా యని బూతు ఎత్తిపొడుపు. దానికి అతడు చెప్పిన చికిత్స మూడు మెట్లు గలది: నగరమున పనియిచ్చు శాల, పిమ్మట పల్లెలో వ్యవసాయవసతి, ఆ పిమ్మట సముద్రము కావలి భూములలో వలస. రెండవ మెట్టే హాడ్లీ. అచ్చట కూరగాయలు, పండ్లతోటలు, పశువులు, కోళ్లు, ఇటుకబట్టీలు. పనిలేని లండను కూలీలు వచ్చి పనిచేసి తినిరి.

ఆ పద్ధతిని మన దేశమునకు తెచ్చినవాడు బూతుగారి అల్లుడు బూత్-టక్కరు. ఇతని చరిత్ర విచిత్రమైనది. 1853లో మన మోంఘీరులోనే పుట్టి, సివిలు సర్వీసులో ఉద్యోగము చేసి, దానిని వదలి, 1882లో బొంబాయిలో దిగి రక్షణసైన్యమును నెలకొల్పెను. కాషాయము కట్టి, చెప్పులు విడిచి, ఫకీరు సింగు అను పేరు పెట్టుకొనెను. నడుమ అమెరికాకు పోయి 1898లో అచ్చట వ్యవసాయవసతులు పెట్టించెను. మరల మన దేశమునకు వచ్చిన పిదప 1908లో గోరఖ్‌పురమున నేరజాతులని ముద్రపడిన వారికై మొదటి సెటిల్మెంటు వెలసినది. కొన్నియేండ్లకు మా సముద్రతీరమున స్టూవర్టుపురము.

ఇచ్చటికి తేబడినవారు ఎఱుకలవారు. వీరెవరో తెలుగువారికి నేను చెప్పనేల? పద్మావతీదేవికి ఎఱుక చెప్పుటకు శ్రీనివాసుడు ధరించినది ఎఱుకలసాని వేషమే కదా! కుర్రుభాష ఇంటిలోను, తెలుగు వీథిలోను మాటలాడుచు, బుట్టలల్లుచు, గాడిదలమీదను ఎద్దులమీదను తీరమునుండి ఉప్పు మోసికొనిపోయి మెట్టసీమలలో ధాన్యమునకు మార్చుచు తిరిగిన జనము. 1805లో కంపెనీవారు ఉప్పుమీద గుత్తాధికారము పూనిరి. ఆ శతాబ్ది ద్వితీయార్ధమున రైళ్లు వచ్చి ఎద్దు మోసెడి బరువును తాము మోసినవి. 1876–78 కరవు మిగిలినది కాస్త ఊడ్చినది. బ్రతుకుతెరువు పోయి తిరుగుట మాత్రము మిగిలిన జనమును చూచి ప్రభుత్వము తిరుగుటయే నేరమని తలచెను. 1871లో ఉత్తరాదికై పుట్టిన నేరజాతుల చట్టము 1911లో సవరింపబడి మద్రాసు రాజధానికిని వచ్చెను. దాని క్రింద పేరు నమోదు, వ్రేలిముద్ర, హాజరు. ఎల్ల దాటవలెనన్న చీటీ. పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి ఉంచుటకును ఆ చట్టమున వీలు కల్పింపబడినది.

గుట్టమీద నిలిచి నేను లెక్కించుకొన్నది ఇదియే. రెండును ఒకే తలపునుండి పుట్టిన వసతులు. రెంటను భూమి, పని, బడి, ప్రార్థన. కాని హాడ్లీకి వచ్చినవాడు తన కాళ్లతో వచ్చెను, నచ్చనిచో తన కాళ్లతో పోయెను. స్టూవర్టుపురమునకు తెచ్చినవాడు పోలీసు, ఆపినది చట్టము. ఆ మతప్రచారకులు మేలేమియు చేయలేదని నేననను; బడి పెట్టిరి, పొలము పంచిరి. పొలము అందఱికి చాలక చీరాల పొగాకు కంపెనీకి కూలికి పంపిరి. కాని తనంత తాను వచ్చినవానికి చేసిన మేలును, పట్టి తెచ్చినవానికి చేసిన మేలును ఒకే త్రాసులో తూచరాదు. 1952లో దేశమంతటను ఆ చట్టము పోయినది. పేరు మాత్రము పోలేదు. 1970 దశకమునుండి విజయవాడ నాస్తికకేంద్రమునకు చెందిన లవణముగారును, ఆయన భార్యయు జాషువా మహాకవి కుమార్తెయునగు హేమలతగారును ఆ ఊర పడిన శ్రమ మా ప్రాంతమున ఎఱుగనివారు లేరు. అయినను 1991లో సినిమా తీసినవారు ఆ ఊరి పేరుప్రక్కన చేర్చినది పోలీసు స్టేషనునే.

సినిమావారిని అననేల? ఉపాధ్యాయత్వపు తొలినాళ్లలో నా తరగతిలో ఆ ఊరి బాలుడొకడుండెను. ఒకనాడు నా ఫౌంటెను పెన్ను కనబడలేదు. నలువదిమంది పిల్లలుండగా నేను మొదట వెదకినది వాని సంచి. రెండవ సంచి వెదకవలసిన పని లేకపోయినది. పెన్ను నా హాజరుపట్టీలోనే యుండెను. వాడేమియు అనలేదు. కొన్నిదినములకు తనంత తానుగా లేచి, “మాస్టారూ, మా ఊరికి దొరపేరు ఎందుకొచ్చిందండీ?” అని అడిగెను. ఎవరో ఇంజనీరు దొర యని చెప్పి కూర్చుండబెట్టితిని. నాకు తెలియదని చెప్పుటకు నోరు రాలేదు.

ఆ రాత్రి లండనునుండి వానికి ఫోను చేసితిని. వాడిప్పుడు హైదరాబాదులో బ్యాంకు ఆఫీసరు. స్టూవర్టు ఎవరో, హాడ్లీ ఏమో, పాతబాకీ తీర్చినట్లు అంతయు చెప్పితిని. పెన్ను సంగతియు చెప్పితిని. “అది నాకు గుర్తే నండీ” అని ఊరకుండెను. పిమ్మట అడిగెను:

“అక్కడివాళ్లు వెళ్లిపోతానంటే పోనిచ్చేవారా మాస్టారూ?”

“పోనిచ్చేవారే నాయనా.”

“మా ముత్తవ్వ కాన్పుకి పుట్టింటికి పోదామంటే చీటీ దొరకలేదటండీ. అందుకే మా తాత సెటిల్మెంటులోనే పుట్టాడు.”

నాకు మాట తోచలేదు. ఆ చోటి ఫోటో ఉన్నదా యని వాడే మరల అడిగెను. కోటకు నాలుగు ఫోటోలు తీసియుంటిని. దిగువ పొలమునకు ఒక్కటియు తీయలేదు. ఆ మాటయే చెప్పితిని. ఈసారి అమ్మాయిగారి యింటికి పోయినప్పుడు పొలమును తీసి పంపుమనెను.