గుంటూరు గ్రహణము, బడిలోని పసుపు గీత

అమీన్‌పూరులోని ఒక ఉన్నత పాఠశాలవారు భౌతికశాస్త్ర ప్రదర్శనమునకు ఏ ప్రయోగము తగునని నన్నడిగిరి. అచటి ఉపాధ్యాయునికి విద్యుత్ స్ఫులింగములపై మక్కువ. చూచువారు చప్పట్లు కొట్టుదురని వారి వాదము. కొట్టుదురు, నిజమే. కాని మరునాడు పిల్లవాడు అడుగదగిన ప్రశ్న మిగులవలెను గదా! ఉప్పు, స్పిరిటు దీపము చాలునంటిని. ఇందుకు కారణము గుంటూరు.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కను మీదుగా సాగి మన తూర్పు తీరమును దాటినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు నక్షత్రశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్నములోను వర్ణపటదర్శినులతో కాచుకొని యుండిరి. సూర్యబింబము మరుగుపడగనే, అంచున లేచిన జ్వాలలలో ఎడతెగని వర్ణపటమునకు బదులు విడివిడి ప్రకాశరేఖలు కనబడెను. అనగా జ్వాలలు వేడి వాయువులని తేలినది. ఆ రేఖలు మిక్కిలి కాంతివంతములగుటచే, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని జాన్సెన్‌కు తోచినది. మరునాడే చూచెను.

వానిలో పసుపు గీత యొకటి. సోడియముదే యని పలువురు తలచిరి. ఆ యేటనే ఇంగ్లండులో లాకియర్ గ్రహణము లేకుండగనే జ్వాలలను పరీక్షించి, ఆ గీత సోడియము స్థానమునకు కొంచెము ప్రక్కగా నున్నదని గుర్తించెను. 1895లో రామ్సే యురేనియము ఖనిజమునుండి ఆ వాయువును, అనగా హీలియమును, రాబట్టెను. హీలియము గుంటూరులోనే కనుగొనబడినదని వ్రాయుట కొంత తొందరపాటు; జాన్సెన్ చూచినది గీతలను మాత్రమే.

సోడియము జంటగీతల తరంగదైర్ఘ్యములు 589.0, 589.6 నానోమీటర్లు, హీలియము గీతది 587.6. దగ్గరి దానికి భేదము 1.4 మాత్రమే!

మా పరికరము సులభమైనది. లోపల నల్లరంగు పూసిన అట్టపెట్టె, రెండు బ్లేడు అంచుల నడుమ సన్నని చీలిక, పాత సీడీ ముక్క. సీడీపై మిల్లీమీటరుకు సుమారు 625 గాడులుండును. కాంతిని విడదీయునవి అవే. తీగ బల్బు ముందు ఇంద్రధనుస్సు తెంపు లేక కనబడినది. ఉప్పునీట ముంచిన తీగను మంటలో నుంచగనే పసుపు గీత మెరసినది. స్పిరిటు మంట పగటివేళ సరిగా కనబడదు. దీపమును ఉపాధ్యాయుడే వెలిగించి, సీసాను దూరముగా నుంచవలెను. పెట్టెను సూర్యునివైపు త్రిప్పరాదు.

మా పెట్టెలో జంటగీతలు విడిపడలేదు. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, "అయితే ఇది ఆ గ్రహణమునాటి గీత కాదని మనకెట్లు తెలియునండీ?" అని అడిగినది. ఉపాధ్యాయుడు స్ఫులింగముల మాట మరచి, చీలికను ఇంకను సన్నము చేయుటకు కూర్చుండెను.