వజ్రం శాశ్వతమని ఎవరన్నారు?

తొలకరి పడిందంటే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలొంచుకుని నడుస్తుంటారు, వాన కడిగిన మట్టిలో ఏదైనా మెరుస్తుందేమోనని. కూలి మానుకుని మరీ వెతుకుతారు. దొరికినోళ్ళ సంగతి పేపర్లో వస్తుంది, దొరకనోళ్ళది ఎవరికీ పట్టదు. బనగానపల్లె, రామళ్ళకోట, కడప దగ్గరి చెన్నూరు అన్నీ ఒకప్పుడు వజ్రాలు తవ్విన చోట్లే. 1720ల్లో బ్రెజిల్లో బయటపడేదాకా ప్రపంచానికి వజ్రమంటే దాదాపుగా మన దేశమే.

ఇంతకీ వజ్రం శాశ్వతమన్నది 1947లో డీబీర్స్ వాళ్ళు రాయించుకున్న ప్రకటన. భౌతికశాస్త్రం లెక్కలో అబద్ధం :) భూమ్మీది ఒత్తిడిలో కార్బన్‌కి స్థిరమైన రూపం గ్రాఫైటు, అంటే పెన్సిల్లో ఉండేది. లోతుల్లో పుట్టిన వజ్రం గబగబా పైకొచ్చి చల్లారింది కాబట్టి, మారే ఓపిక లేక అలా ఉండిపోయింది, అంతే.

ఆ ఓపిక ఇచ్చింది లేజరు. 1960లో మైమన్ మొదటి లేజరు వెలిగించాడు. 1965కల్లా అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళు దాంతో వజ్రపు అచ్చులకి బెజ్జాలు వేశారు, తీగ లాగడానికి. అంతకుముందు వజ్రప్పొడితో అరగదీయడమే గతి. లేజరు తగిలినచోట వజ్రం గ్రాఫైటవుతుంది, ఆ నలుపు వెలుగుని ఇంకా బాగా పీల్చుకుని కాలిపోతుంది. సూరత్‌లో కోతలూ ఇలాగే.

వేడివల్లే మారుతుందనుకుంటాం కదా, అక్కడే తమాషా. 1999లో జెష్కే, గార్సియా, బెన్నెమాన్ లెక్కలు కట్టి చూపించారు: ఫెమ్టోసెకండ్ల పల్సు తగిలితే ఎలక్ట్రాన్లు బంధాల్లోంచి లేచిపోతాయి, పట్టు తప్పిన అణువులు వేడెక్కేదాకా ఆగకుండానే పొరలుగా సర్దుకుంటాయి. సుమారు 100 ఫెమ్టోసెకండ్లలో పని పూర్తి. మన 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక్క టిక్కు కొట్టేలోపు మూడువేలసార్లు జరగ్గలిగినంత వేగం!

కోతకి ముందు రాయిని స్కాన్ చేసి, ఎటు కోస్తే ఎన్ని కారట్లు మిగులుతాయో చెప్పే సాఫ్ట్‌వేరూ ఉంది. జొన్నగిరి చేలో రాయి దొరికిన కూలామెకి మాత్రం, ఎదురుగా నిలబడ్డ వ్యాపారి చెప్పిందే ధర. మధ్యప్రదేశ్‌లోని పన్నాలో అయితే దొరికిన రాయిని ప్రభుత్వ వజ్రాల ఆఫీసులో అప్పజెప్తారు. వాళ్ళు విలువకట్టి, వేలం వేసి, రాయల్టీ, పన్నులు పోను మిగతాది దొరికినవాళ్ళకే ఇస్తారు. వానాకాలం మూణ్ణెల్లయినా తుగ్గలిలో అలాంటి బల్ల ఒకటి వేయిస్తే ఏం పోతుంది?