జెకిల్ దీవి: గుట్టుకు కట్టిన వెల

బి.కాం. చదివే రోజుల్లో మాకు సెంట్రల్ బ్యాంకింగ్ ఒక పాఠం. అమెరికాలో ఫెడరల్ రిజర్వ్ వ్యవస్థ 1913లో ఏర్పడిందని అందులో ఒక వాక్యం ఉండేది. పరీక్షకు అంతే చాలు. ఆ వ్యవస్థకు తొలి ముసాయిదా ఒక సముద్రపు దీవిలో, కోటీశ్వరుల విడిదిలో, బాతుల వేట పేరు చెప్పి తయారయిందన్న సంగతి ఆ పుస్తకంలో లేదు. బ్యాంకు ఉద్యోగంలో చేరాక ఆ దీవి గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. చదివే కొద్దీ అక్కడి వైభవం కంటె, అక్కడివారు డబ్బిచ్చి కొనుక్కున్న గుట్టే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

జెకిల్ దీవి అమెరికా ఆగ్నేయ తీరంలో, జార్జియా రాష్ట్రంలోని బ్రన్స్‌విక్ రేవు దగ్గర ఉంది. పొడవు దాదాపు ఏడు మైళ్లు, వెడల్పు ఒకటిన్నర. ఒకవైపు అట్లాంటిక్ సముద్రం, మరోవైపు ఉప్పునీటి చిత్తడి నేలలు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రాన్సు నుంచి వచ్చిన డుబిన్యోన్ కుటుంబం చేతికి ఈ దీవి వచ్చింది. వాళ్లు ఆఫ్రికా బానిసల చేత ఇక్కడ పత్తి పండించారు.

ఈ దీవిలో మొదటి పెద్ద గుట్టు 1858 నవంబరు 28 నాటిది. బయటి నుంచి బానిసలను దిగుమతి చేసుకోవడాన్ని అమెరికా 1808 నుంచే నిషేధించింది. అయినా వాండరర్ అనే ఓడ కాంగో ప్రాంతం నుంచి మనుషులను తెచ్చి, ఆనాడు జెకిల్ దక్షిణ కొసన దించింది. ఎక్కించుకున్నది దాదాపు 490 మందిని; ప్రాణాలతో దిగినవారు 400 పైచిలుకు. వాండరర్ నిజానికి ధనికులు పందేలకూ విహారాలకూ వాడే యాట్. న్యూయార్క్ యాట్ క్లబ్ జెండా ఎగురవేసుకుని తిరిగిన పడవ. అటువంటి పడవలో బానిసలుంటారని ఎవరనుకుంటారు? కేసు సవానా నగరంలో విచారణకు వచ్చింది. బానిస వ్యాపారం చేసినందుకు ఒక్కరికీ శిక్ష పడలేదు.

ఆ ఓడలో వచ్చినవారిలో సిలుకాంగీ అనే కుర్రవాడు ఉన్నాడు. దక్షిణ కెరొలైనాలో అతని పేరు వార్డ్ లీ అయింది. 1904లో, ముసలితనంలో, అతడు ప్రజలకు ఒక బహిరంగ లేఖ అచ్చువేయించాడు. తనను చిన్నతనంలో ఈ దేశానికి పట్టుకొచ్చారనీ, పుట్టిన ఊరికి తిరిగి వెళ్లాలని ఉందనీ, దారిఖర్చులకు సాయం చేయమనీ దాని సారాంశం. వెళ్లలేకపోయాడు, 1914లో అమెరికాలోనే కన్నుమూశాడు. బరంపురం వంటి చోట బతికే మనకు పొరుగు భాష రిజిస్టర్లలో మన పేర్ల రూపు మారడం కొత్త కాదు. అది వేరు, ఇది వేరు. ఇక్కడ మారింది అక్షరాలు కాదు, మనిషి బతుకే. అయినా, ఆ పేరు పోగొట్టుకోవడంలోని బాధ తక్కినవారికంటె మనకు కాస్త త్వరగా అర్థమవుతుందనుకుంటాను.

అంతర్యుద్ధంతో బానిసత్వం పోయింది, పత్తి సాగు దెబ్బతింది. 1886లో డుబిన్యోన్ వారసుడు దీవిని ఒక క్లబ్బుకు 1,25,000 డాలర్లకు అమ్మాడు. అదే జెకిల్ ఐలండ్ క్లబ్. 1888 జనవరిలో క్లబ్బు భవనం తలుపులు తెరిచారు. సభ్యుల సంఖ్య నూరుకు మించకూడదని నియమం. జె.పి.మోర్గాన్, విలియం రాక్‌ఫెల్లర్, పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్, వాండర్‌బిల్ట్ కుటుంబీకులు అందులోని సభ్యులు. ఉత్తరాది చలి తప్పించుకోవడానికి జనవరిలో వచ్చి, వసంతం రాగానే వెళ్లిపోయేవారు. ఏటా మూడు నెలల ముచ్చట! వంతెన లేదు, పడవే దారి. క్లబ్బు రానిస్తేనే రావాలి. 1896లో మోర్గాన్ మరి కొందరితో కలిసి అక్కడ సాన్ సూసీ అనే ఆరు వాటాల భవనం కట్టించుకున్నాడు. ఫ్రెంచిలో ఆ మాటకు ‘చింత లేనిది’ అని అర్థం. వంట చేసినవారికి, పక్కలు వేసినవారికి, పడవలు నడిపినవారికి మాత్రం చింతలు ఉండే ఉంటాయి. వారిలో నల్లజాతివారు ఎందరో. సభ్యుల పేర్లు తెలిసినంతగా వారి పేర్లు లోకానికి తెలియవు.

ఇక రెండో గుట్టు. 1907 అక్టోబరులో న్యూయార్క్‌లో నికర్‌బాకర్ ట్రస్ట్ అనే సంస్థ ముందు డిపాజిటర్లు బారులు తీరారు. భయం ఒక సంస్థ నుంచి మరో సంస్థకు పాకింది. అప్పటికి అమెరికాకు కేంద్ర బ్యాంకు లేదు. పంటలు చేతికొచ్చే కాలంలో పల్లెలకు రొక్కం తరలిపోతే నగరాల్లో నగదుకు కటకట వచ్చేది. అవసరాన్ని బట్టి కరెన్సీ పెంచే యంత్రాంగమే లేదు. ఆస్తులు బాగానే ఉన్నా, అడిగిన రోజున చేతిలో రొక్కం లేక బ్యాంకులు మూతపడేవి. చివరికి మోర్గాన్ తోటి బ్యాంకర్లను తన గ్రంథాలయంలో కూర్చోబెట్టి చందాలు వేయించి గండం గట్టెక్కించాడు. ఒక దేశం ఒక మనిషి పెద్దరికం మీద ఎన్నాళ్లు ఆధారపడుతుంది?

అందుకే 1910 నవంబరులో సెనేటర్ నెల్సన్ ఆల్డ్రిచ్ కొందరిని వెంటబెట్టుకుని ప్రత్యేక రైలుపెట్టెలో బయలుదేరాడు. ఖజానా శాఖ నుంచి పియాట్ ఆండ్రూ, నేషనల్ సిటీ బ్యాంక్ అధ్యక్షుడు ఫ్రాంక్ వాండర్లిప్, మోర్గాన్ భాగస్వామి హెన్రీ డేవిసన్, కూన్ లోబ్ సంస్థ నుంచి పాల్ వార్‌బర్గ్. అడిగినవారికి చెప్పిన మాట బాతుల వేట. పనివారికి తెలియకూడదని ఇంటిపేర్లు వాడడం మానేశారు. సిలుకాంగీ పేరు ఎవరో తీసేశారు. వీరు తమ పేర్లను తామే పది రోజులు దాచుకుని, మళ్లీ తగిలించుకున్నారు. ఆ పది రోజుల్లో ఒక కేంద్ర సంస్థకు ముసాయిదా తయారయింది. ఆల్డ్రిచ్ దాన్ని 1911 జనవరిలో బయటపెట్టాడు. ఎక్కడ, ఎవరితో కూర్చుని రాశాడో మాత్రం చెప్పలేదు.

నా వృత్తి దృష్టితో చూస్తే ఆ ముసాయిదాలో సరుకుంది. నగదు నిల్వలను ఒకచోట చేర్చడం, మంచి వాణిజ్య హుండీల మీద బ్యాంకులకు అప్పివ్వడం నేటికీ చెల్లే సూత్రాలే. అది యథాతథంగా చట్టం కాలేదు. అధికారం చేతులు మారాక, 1913 డిసెంబరు 23న అధ్యక్షుడు విల్సన్ సంతకం చేసిన ఫెడరల్ రిజర్వ్ చట్టంలో పన్నెండు ప్రాంతీయ బ్యాంకుల మీద వాషింగ్టన్‌లో ప్రభుత్వం నియమించే బోర్డును పెట్టారు. సాంకేతిక ఎముకలు చాలావరకు పాతవే. 1916లో పాత్రికేయుడు బి.సి.ఫోర్బ్స్ ఈ రహస్య యాత్రను బయటపెట్టాడు. 1935లో వాండర్లిప్ స్వయంగా ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి నేటి వరకు, ఫెడరల్ రిజర్వ్ ఒక కుట్ర అని నమ్మేవారికి జెకిల్ దీవి పేరు చాలు. పని మంచిదే కావచ్చు. చాటున చేసినందుకు నూరేళ్లకు పైగా అనుమానం వడ్డీలా పెరుగుతూనే ఉంది.

మన రిజర్వ్ బ్యాంకు పుట్టుక చూడండి. హిల్టన్ యంగ్ కమిషన్ ముందు 1925లో అంబేద్కర్ సాక్ష్యం ఇచ్చారు. 1927లో వచ్చిన బిల్లు, బ్యాంకు యజమాని వాటాదారులా ప్రభుత్వమా అన్న తగవులో శాసనసభలో ఆగిపోయింది. 1934లో చట్టమై, 1935 ఏప్రిల్ 1న బ్యాంకు పని మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఆలస్యం జరిగింది. కాని పరాయి పాలనలో ఉండి కూడా ఆ తగవు నలుగురి ముందు జరిగింది.

జెకిల్ క్లబ్బు ఆర్థిక మాంద్యంలో చిక్కిపోయింది. యుద్ధకాలంలో, 1942 సీజన్ తర్వాత మళ్లీ తెరుచుకోలేదు. 1947లో జార్జియా రాష్ట్రం దీవిని 6,75,000 డాలర్లకు స్వాధీనం చేసుకుంది. 1954లో వంతెన వచ్చింది. అప్పుడైనా తలుపు అందరికీ తెరుచుకుందా? నల్లవారికి దక్షిణ కొసన సెయింట్ ఆండ్రూస్ తీరం ఒక్కటే కేటాయించారు. 1858లో వాండరర్ బందీలను దించింది ఆ వైపునే. ఆ అడ్డు తొలగడానికి 1964 దాకా పట్టింది. 2008లో వాండరర్ బందీల స్మారకం ఆ తీరంలోనే నెలకొల్పారు. 2010 నవంబరులో, రహస్య సమావేశానికి నూరేళ్లు నిండిన సందర్భంగా, ఫెడరల్ రిజర్వ్ అదే దీవిలో సదస్సు పెట్టింది. అప్పటి ఛైర్మన్ బెన్ బెర్నాంకీ హాజరయ్యాడు. ఈసారి మాటలన్నీ అచ్చయ్యాయి.

పాత క్లబ్బు భవనం ఇప్పుడు హోటలు. గది అద్దె కట్టగలిగిన ఎవరైనా అక్కడ దిగవచ్చు. దీవిలో ఎక్కువ భాగం నేలను కట్టడాలు లేకుండా వదిలేయాలని చట్టం ఉంది. మోర్గాన్ వాటా ఉన్న సాన్ సూసీ చూసి వచ్చే యాత్రికులు తీరిక చేసుకుని దక్షిణ తీరానికీ నడిస్తే బాగుంటుంది. దీవి లెక్కలో మొదటి పద్దు అక్కడుంది.