గురిగింజ ఎత్తు, అడ్డపిక్క బరువు

రత్నాలు తూచే క్యారట్‌కు ఆ పేరు కరోబ్ చెట్టు గింజ నుంచి వచ్చింది. ఆ గింజలన్నీ ఒకే బరువుంటాయి కాబట్టే పూర్వులు వాటితో తూచారని చెప్పుకునేవారు. 2006లో లిండ్సే టర్న్‌బుల్ బృందం వాటిని నిజంగానే తూచి చూసింది. తీరా చూస్తే మిగతా చెట్ల గింజల్లాగే వాటిలోనూ హెచ్చుతగ్గులున్నాయి! నికరం గింజలో లేదు, ఏరినవాడి కంట్లో ఉంది.

అది చదివాక మన గురిగింజ మీదికి మనసు పోయింది. తన కింద నలుపెరగదని సామెతలో ఆడిపోసుకున్నాం గానీ, అర్థశాస్త్రంలో దానికి పెద్దపీటే వేశారు. 5 గురిగింజలైనా, 10 మినపగింజలైనా ఒక సువర్ణ మాషకం. అలాంటివి 16 కలిస్తే సువర్ణం, అంటే 80 గురిగింజలు. గింజ 0.12 గ్రాముల చొప్పున వేసుకుంటే తొమ్మిదిన్నర గ్రాముల పైచిలుకు. వెండి మాషకానికి 88 తెల్లావాలు. వజ్రాల ధరణానికి 20 బియ్యపుగింజలు. 87 ఆవాల దాకా లెక్కపెట్టాక తుమ్మొచ్చిన తూనికల ఉద్యోగిని ఊహించుకుంటే నవ్వొస్తుంది.

తర్వాతి శతాబ్దాలను దాటేద్దాం. గ్రాము వచ్చింది, గురిగింజ కంసాలి పెట్టెలోంచి జారుకుంది. బరువు మనిషికి సరే, మొక్కకెందుకు? 1942లో సాలిస్‌బరీ అనే ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త దీనికి ఓ జవాబు చెప్పాడు: నీడలో మొలిచే జాతుల గింజలు ఆరుబయలు వాటికంటే బరువు. విత్తనం బరువంటే తల్లి కట్టిచ్చిన సద్దిమూట. మొలక ఎండ అందుకునేదాకా అదే తిండి.

అరకు, అనంతగిరి కొండల్లో ఈ కథకు రెండు కొసలూ కనిపిస్తాయి. కొమ్మల మీది ఆర్కిడ్ల విత్తనం ఉత్త ధూళి. గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది, కానీ సద్ది లేదు. తగిన బూజు తోడు దొరికితేనే మొలక. అడ్డతీగది ఇంకో దారి. జానెడు దాటిన నూగుకాయ వేసవిలో ఫట్‌మని పేలి, బిళ్లలాంటి పిక్కల్ని విసురుతుంది. సద్ది దండిగా ఉంది గానీ ప్రయాణం కొద్ది గజాలే. తేలికది తోడు లేక అరుదవుతుంది, బరువుది ఉన్నచోటు పోతే కదల్లేక అరుదవుతుంది.

అడ్డతీగల అని ఒక ఊరికే పేరైన తీగ ఇది. ఇప్పుడు మనకు తెలిసింది విస్తరాకు ఒక్కటే. ఆకు కోసం తీగనే నరికేస్తే పిక్కెక్కడిది? ఆ నష్టాన్ని ఏ తక్కెడా తూచలేదు.

అరకు దగ్గర ఓ ఊళ్లో ఒక అవ్వ అడ్డకాయను నిప్పుల్లో వేసి చిట్లించింది. పిక్కల్ని అరచేతిలో ఎగరేసి, ఒకటి పక్కన పారేసింది. నా కంటికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"అదేం చేసిందవ్వా?"

"పొల్లు బాబూ. బరువు తెలవట్లేదా?"

నాకు తెలియలేదు.