నూటికి మూడు: ఇంటి అప్పులు లెక్క చూసుకుని తీర్చే దారి

నిజామాబాద్‌లో ప్రైవేటుగా అప్పు ఇచ్చేవాళ్లు మిత్తిని ఏడాది శాతంలో చెప్పరు. ‘నూటికి రెండు’, ‘నూటికి మూడు’ అంటారు. వినడానికి చిన్న మాటే. కానీ అది నెలకు నూటికి మూడు రూపాయలు, అంటే ఏడాదికి 36. బ్యాంకువాళ్లు 12 శాతం అంటే ఎక్కువ అనిపిస్తుంది, ఊళ్లో మూడు అంటే తక్కువ అనిపిస్తుంది. నిజానికి బ్యాంకు 12 అంటే మన మాటలో నూటికి రూపాయి. అప్పుల్లోంచి బయటపడాలనుకునే ఇల్లు ముందు ఈ ఒక్క లెక్క నేర్చుకోవాలి. ఊరి మాటను 12తో గుణించాలి.

గిరిగిరి లెక్క ఇంకా మాయగా ఉంటుంది. పది వేలు అని రాసుకుని, 1,500 ముందే పట్టుకుని 8,500 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. ‘పది వేలకు పదిహేను వందలే కదా’ అనుకుంటాం. కానీ మనకు ముట్టింది 8,500, అది కూడా మొదటి రోజు నుంచే తిరిగి వెళ్లిపోతూ ఉంటుంది. సరిగ్గా లెక్క కడితే అది ఏడాదికి నూటికి 120 దాటుతుంది. బస్టాండు దగ్గర పండ్ల బండి పెట్టుకున్న మనిషి రోజు లాభంలో పెద్ద ముక్క అక్కడికే పోతుంది.

మన దగ్గర అప్పు చేసినవాళ్లంతా దుబారా మనుషులు కారు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ జీతం మీద తరాలు బతికాయి. 2002లో అందులో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ పడింది. జీతం ఆగింది గానీ పిల్లల ఫీజులు ఆగలేదు. బీడీలు చుట్టే ఇళ్లలో కూలీ వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. పని దొరికిన రోజులు తగ్గితే నెల కూడా తగ్గుతుంది. గల్ఫ్‌కు పోయే కొడుకు విమానం ఎక్కకముందే ఇంటి మీద బాకీ ఎక్కుతుంది. (పెళ్లి మండపాలు, దావతుల బాకీల సంగతి వేరే. అది మన చేతిలో ఉన్నదే.)

ఒక కాగితం మీద

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పును రాసిపెట్టుకోవడం గురించే. అయినా మన ఇళ్లలో సగం బాకీలు నోటి మీదే ఉంటాయి. భర్త చేసిన బాకీ భార్యకు తెలీదు, భార్య గ్రూపులో తీసుకున్నది భర్తకు సగమే తెలుసు. ఇద్దరూ కూర్చుని ఒకే కాగితం మీద రాయండి. ఎవరికి, ఎంత అసలు మిగిలింది, ఏడాదికి ఎంత మిత్తి, నెలకు ఎంత కడుతున్నాం, ఏం కుదవ పెట్టాం, ఎవరు జమానత్ ఉన్నారు.

ఆ కాగితంలో సాధారణంగా రెండు బాకీలు కనిపించవు. ఒకటి మెహర్. నికాలో ఒప్పుకుని ఇవ్వని మెహర్ భర్త మీద నిలిచి ఉన్న అప్పే, కోర్టు కూడా దాన్ని అప్పుగానే చూస్తుంది. రెండోది భార్య బంగారం. ఆమె గాజులు తీసుకెళ్లి కుదవ పెట్టినా, అమ్మినా ‘ఇంటికోసమే కదా’ అంటాం. ఇల్లు ఇద్దరిదీ, బంగారం మాత్రం ఆమెది. దాన్ని రూపాయల్లో కాకుండా తులాల్లో రాయండి. తిరిగి కొనేనాటికి ధర ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేరు.

ఏది ముందు

ఒక ఉదాహరణ చూద్దాం. బోధన్‌లో ఒక ఇల్లు అనుకోండి. నూటికి మూడు చొప్పున లక్ష బాకీ ఉంది, నెలకు 3,000 కడుతున్నారు. అది ఒట్టి మిత్తి. 34 నెలలు గడిచేసరికి కట్టింది లక్ష దాటుతుంది, లక్ష బాకీ అలాగే ఉంటుంది. అదే 3,000 ఏడాదికి 12 శాతం ఉన్న లక్ష అప్పు మీద కడితే 41 నెలల్లో అసలుతో సహా తీరిపోతుంది. సంపాదన పెరగలేదు, ఖర్చు తగ్గలేదు, అప్పు చోటు మారిందంతే.

అందుకే చాలామంది ఎక్కువ మిత్తి బాకీని తీర్చేందుకు బ్యాంకులో బంగారం పెడతారు. ‘అది కూడా సూదే కదా’ అని అడిగేవాళ్లు ఉన్నారు, అడగాల్సిన ప్రశ్నే. దానికి ఆలిమ్‌లను అడగాలి. సూద్ అసలే వద్దనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే కొంత బంగారం అమ్మి ఆ లక్ష ఒకేసారి కట్టేయడం, ఇన్నాళ్లూ మిత్తికి పోయిన 3,000ను ఆమె బంగారం తిరిగి కొనడానికి నెలనెలా పక్కన పెట్టడం. బీరువాలో నగ పెట్టుకుని బయట నూటికి మూడు కట్టడం మాత్రం ఏ లెక్కలోనూ నిలవదు.

అన్నిటికన్నా ఎక్కువ మిత్తి ఉన్నది ముందు తీర్చాలి. మిగతావాటికి తప్పనిసరి కిస్తీ మాత్రం కడుతూ, మిగిలిన ప్రతి రూపాయీ ఆ ఒక్కదాని మీద పెట్టాలి. అది తీరగానే దాని కిస్తీ డబ్బు రెండోదానికి మళ్లించాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ లెక్కలో మిత్తి తీసుకోని బావగారి 50,000, ఖర్జె హసనాగా ఇచ్చిన ఆపా డబ్బు ఆఖరికి పోతాయి. మేలు చేసినవాళ్లే అందరికన్నా ఎక్కువ ఎదురుచూడాలా? చాలా ఇళ్లలో రాకపోకలు తెగింది ఇక్కడే. వాళ్లను తప్పించుకుని తిరగకండి. వెళ్లి కాగితం చూపించండి. ‘గిరిగిరి రంజాన్ నాటికి తీరుతుంది, ఆ తర్వాత నుంచి మీకు నెలకు ఇంత’ అని చెప్పండి, అప్పటిదాకా నెలకు ఐదు వందలైనా ఇవ్వండి. వాళ్ల ఇంట్లో పెళ్లో ఆపరేషనో ఉంటే మాత్రం లెక్క పక్కన పెట్టి వాళ్లదే ముందు కట్టాలి.

గ్రూపు లోన్లు

మైక్రోఫైనాన్స్ మీద 2022 ఏప్రిల్ నుంచి రిజర్వ్ బ్యాంకు నియమాలు మారాయి. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉన్న ఇంటికి హామీ అడగకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోను. ఆ ఇల్లు కట్టే అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. దాటితే కొత్త లోను ఇవ్వకూడదు. ముందే కట్టేస్తే పెనాల్టీ లేదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరుసగా రెండు సార్లు మనం ఆ చోటికి రాకపోతేనే ఇంటికి రావచ్చు. తిట్టడం, బెదిరించడం, చుట్టాలకు ఫోన్లు చేయడం నిషేధం.

ఒక గ్రూపు కిస్తీ కట్టడానికి ఇంకో గ్రూపులో తీసుకోవడం మొదలైందంటే అక్కడే ఆగాలి. సంస్థ ఆఫీసుకు వెళ్లి కిస్తీ తగ్గించి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు లేకపోయినా, సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు ఖర్చు లేకుండా చేయవచ్చు. వివరాలకు 14448. ఫోన్‌లో లోను యాప్ మీ కాంటాక్టులు తీసుకుని బెదిరిస్తే డబ్బు పంపకుండా 1930కి ఫోన్ చేయండి.

ప్రైవేటు వ్యాపారికి లైసెన్స్ ఉండాలి. ఆ చట్టం నిజాం కాలం నాటిది, 1349 ఫసలీ మనీ లెండర్స్ యాక్ట్. ఇప్పటికీ తెలంగాణలో అమల్లో ఉంది. అప్పు తీర్చలేకపోవడం దానంతట అది నేరం కాదు. డబ్బు డిక్రీ అమలు కోసం స్త్రీని అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ ఒప్పుకోదు. కానీ సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కు బౌన్స్ అయితే క్రిమినల్ కేసు పడుతుంది. అందుకే ఖాళీ చెక్కు ఇవ్వకండి. కోర్టు నోటీసు వస్తే దాచిపెట్టకండి. నిజామాబాద్ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, ఫోన్ 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే దాని మీద అప్పీలు ఉండదు.

జకాత్, అంజుమన్లు

జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో బాకీపడినవాళ్లు ఒకరు (సూరా తౌబా, 60). మన దగ్గర జకాత్ ఎక్కువగా చిల్లరగా, చీరలుగా పోతుంది. మహల్లాలో నాలుగు ఇళ్లు కలిసి ఒక్క వితంతువు గిరిగిరి బాకీని నేరుగా కట్టేసి నోటు చించేయిస్తే, ఆమె సంపాదన మర్నాటి నుంచే ఆమెకు మిగులుతుంది. ఎవరు అర్హులన్నది ఆలిమ్‌లతో తేల్చుకోవాలి.

మిత్తి లేని అప్పు కొత్త సంగతి కాదు. హైదరాబాద్‌లో పుట్టిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1940లలోనే ఇక్కడి మిత్తి లేని అప్పుల అంజుమన్ల గురించి రాశారు. సభ్యులు నెలనెలా కొంత జమ చేసి, అవసరమైనవారికి మిత్తి లేకుండా ఇచ్చుకునేవారు. పది ఇళ్లు, నెలకు 500 చొప్పున వేసుకుంటే ఏడాదికి 60,000 అవుతాయి. ఒకరి గిరిగిరి తీర్చడానికి అది చాలు.

తీర్చాక

డబ్బు కట్టి ఉత్త చేతులతో రాకండి. ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోవడం మీ హక్కు. ‘దొరకట్లేదు, తర్వాత ఇస్తా’ అంటే పూర్తిగా ముట్టిందని తేదీతో రసీదు రాయించుకోండి. చెక్కులు, జమానత్ కాగితాలు కూడా తెచ్చుకోండి. ఇంటి పత్రాలు పెట్టుకున్న బ్యాంకు, లోను తీరిన 30 రోజుల్లో తిరిగివ్వాలి, దాని తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం ఇవ్వాలి.

బ్యాంకు ‘సెటిల్‌మెంట్’ అని కొంత మాఫీ చేస్తే సంతోషమే, కానీ రికార్డులో ‘క్లోజ్డ్’ బదులు ‘సెటిల్డ్’ అని పడుతుంది, తర్వాతి లోను కష్టమవుతుంది. సిబిల్ సహా నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి.

బాకీ ఉన్న మనిషి చనిపోతే, దఫన్ ఖర్చుల తర్వాత ముందు అప్పులు, ఆపైన వసీయత్, ఆ తర్వాతే వారసుల వాటాలు. వదిలివెళ్లిన ఆస్తి మేరకే వారసులు చట్టప్రకారం బాధ్యులు. జమానత్ సంతకం చేసినవాళ్ల సంగతి వేరు. లోనుతో పాటు బీమా కోశారేమో ముందు అడగండి. చాలా గ్రూపు లోన్లలో ఉంటుంది, ఇంట్లోవాళ్లకు తెలియక కిస్తీలు కడుతూ పోతారు.

గల్ఫ్‌కు పంపేవాళ్లకు ఒక మాట. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి అడిగితే ఆ లక్షల బాకీ చేయకముందే ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూడండి.