జర్మన్ తత్త్వశాస్త్రంలో స్థల భావన

వస్తువుల ఉనికికి, వాటి మధ్య దూరానికి, దిక్కుకు ఆధారమైనదాన్ని తత్త్వశాస్త్రంలో స్థలం అంటారు. 'దేశకాలాలు' అన్న జంటపదంలో 'దేశం' ఇదే. జర్మన్‌లో దీని పేరు 'రౌమ్'. గదినీ ఆ మాటతోనే పిలుస్తారు. స్థలం స్వతంత్రంగా ఉందా, వస్తువుల మధ్య సంబంధమా, మన గ్రహణశక్తి రూపమా అన్నదే ఇక్కడి ప్రధాన చర్చ.

లైబ్నిజ్: వస్తువులు లేకపోయినా స్థలం ఉంటుందన్నది న్యూటన్ మతం. 1715-16లో న్యూటన్ పక్షాన వాదించిన శామ్యూల్ క్లార్క్‌కు రాసిన లేఖల్లో లైబ్నిజ్ దీన్ని ఖండించాడు. ఏకకాలంలో ఉన్న వస్తువుల అమరికే స్థలమని ఆయన వాదం.

కాంట్: అమరికే సర్వస్వమైతే కుడి, ఎడమల తేడా ఎక్కడిదని ఇమ్మాన్యుయెల్ కాంట్ 1768లో ప్రశ్నించాడు. రెండు చేతులకూ వేళ్లు అవే, కొలతలు అవే, వేళ్ల మధ్య దూరమూ అదే. అయినా ఎడమచేతి తొడుగు కుడిచేతికి పట్టదు. అప్పట్లో ఇది ఆయనను న్యూటన్ వైపు మొగ్గేలా చేసింది. 1781లో వెలువడిన 'శుద్ధబుద్ధి విమర్శ'లో మాత్రం ఆయన మూడో దారి తొక్కాడు. వస్తువులు లేని స్థలాన్ని ఊహించగలం. స్థలమే లేదని ఊహించలేం. కనుక స్థలం అనుభవం వల్ల వచ్చింది కాదు, బాహ్య వస్తువులను గ్రహించడానికి మనలో ముందే ఉన్న రూపం. రేఖాగణిత సత్యాల తిరుగులేనితనానికి ఇదే కారణమని ఆయన నమ్మాడు.

రీమాన్: ఆ నమ్మకానికి గణితం నుంచే సవాలు ఎదురైంది. యూక్లిడ్ రేఖాగణితం ఒక్కటే సాధ్యం కాదని, భౌతిక స్థలం ఎలాంటిదో అనుభవమే తేల్చాలని బెర్న్‌హార్డ్ రీమాన్ 1854లో గోటింగెన్‌లో చేసిన ఉపన్యాసంలో ప్రతిపాదించాడు. 1915 నాటి ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతానికి రీమాన్ గణితమే పునాది.

హుసెర్ల్, హైడెగర్: 20వ శతాబ్దంలో చర్చ మనిషి జీవితం వైపు మళ్లింది. 'ఇక్కడ', 'అక్కడ' అన్న మాటలకు మన శరీరమే కేంద్రమని ఎడ్మండ్ హుసెర్ల్ చెప్పాడు. 'సత్త, కాలం' (1927) గ్రంథంలో మార్టిన్ హైడెగర్ కళ్లజోడును ఉదాహరణగా తీసుకున్నాడు. అది ముక్కు మీదే ఉన్నా, పెట్టుకున్నవాడికి ఎదుటి గోడ మీది పటమే దగ్గర. ఏది దగ్గరో, ఏది దూరమో తేల్చేది కొలబద్ద కాదు, మన వ్యవహారం. 1951లో డార్మ్‌స్టాట్ ఉపన్యాసంలో ఆయన వంతెనను ప్రస్తావించాడు. వంతెన పడ్డాకే రెండు ఒడ్డులూ ఒకదానికొకటి ఎదురొడ్డులవుతాయని, ఆ చోటు ఒక తావుగా ఏర్పడుతుందని వివరించాడు.

రేఖాగణితం గురించి కాంట్ చెప్పినది నేడు యథాతథంగా నిలవదు. కానీ స్థలం గురించి అడిగేటప్పుడు దాన్ని గ్రహించే మనిషి గురించి కూడా అడగాలన్న ఆయన పట్టు సడలలేదు. తర్వాతి జర్మన్ తాత్త్వికులు ఆయనతో ఏకీభవించినా, విభేదించినా ఆ ప్రశ్న నుంచే మొదలుపెట్టారు.